నీలం గోడ కోసం మార్చిన కెమెరా

నేను బొగ్గు బాయిలో పంపు ఆపరేటర్‌ని. గోదావరిఖనిలో భూగర్భ గనిని బాయి అనే అంటారు. ఇరవై ఏడేళ్లుగా నా పని, లోపల ఊరే నీటిని పంపుతో పైకి తోడటం. పంపు దగ్గర ఎక్కువసేపు ఒక్కడినే ఉంటాను. నెత్తిమీది దీపం ఎటు తిరిగితే అటు మాత్రమే లోకం కనిపిస్తుంది. అందుకేనేమో, మొదటి షిఫ్టు దిగి పైకి వచ్చాక గేటు బయటి చాయ్ హోటల్లో మా వాళ్లందరూ ఒకచోట కూర్చుంటే నాకు వాళ్ల ముఖాలు ఎంత చూసినా తనివి తీరేది కాదు. రెప్పల అంచుల్లో మిగిలిన బొగ్గు కాటుక పెట్టినట్టు ఉంటుంది. చాయ్ మొదటి గుక్కకు కళ్లు మూసుకుంటారు. ఆ ముఖాలను ఫోటోలు తీయాలని ఎన్నో ఏళ్ల కోరిక. ఫోన్‌తో తీస్తే ఆ హోటల్ రేకుల కప్పు నీడలో అందరూ ఒకే నల్లటి ముద్దగా వచ్చేవారు. ఇటు చూస్తే ఏడాదికి ఇద్దరో ముగ్గురో రిటైరై సొంతూళ్లకు వెళ్లిపోతున్నారు. కూర్చునే బల్ల ఖాళీ అవుతోంది.

పోయిన చలికాలంలో కెమెరా కొనడానికి నా భార్యతో కలిసి కరీంనగర్ వెళ్లాను. దుకాణం మొదటి అంతస్తులో ఉంది. పెళ్లిళ్ల ఫోటోలు తీసీ తీసీ ఆ పని మానేసి దుకాణం పెట్టుకున్న మనిషి అతను. గాజు బల్ల మీద రెండు కెమెరాలు పెట్టాడు. ఒకటి చిన్నది, అంగీ జేబులో పట్టేంత, మిర్రర్‌లెస్ అనే రకం. రెండోది చూడటానికి పెద్దది, ముందుకు పొడుచుకొచ్చే లెన్సుతో ఉండే బ్రిడ్జ్ కెమెరా. దాని లెన్సు విప్పడానికి రాదు, కానీ ఎంత దూరాన్నైనా దగ్గరికి లాగుతుంది. ధర రెండింటిదీ ఇంచుమించు ఒకటే.

"అన్నా, మనుషులను తీసుడైతే ఈ చిన్నది పట్టుకపో. దీంట్ల సెన్సార్ పెద్దది, నీడల గూడ మొఖం సాఫ్ వస్తది. దూరపుది చూడాలంటే ఆ పెద్దది. కాకపోతే వెలుగు తక్కువుంటే దాంట్ల బొమ్మ మసక మసక అయితది. రెండు పనులు ఒక్కదాంట్ల కావు," అన్నాడు.

నా మనసు అప్పటికే చిన్నదాని మీద పడింది. దుకాణదారు ముఖాన్నే ఒక ఫోటో తీసి చూసుకున్నాను. గడ్డంలో నెరిసిన ఒక్కొక్క వెంట్రుకా విడివిడిగా కనిపించింది. నేను ఆ సంబరంలో ఉండగా నా భార్య పెద్ద కెమెరా పట్టుకుని బయటి వరండాలోకి వెళ్లింది. ఎలా తిప్పాలో అతను చూపించాడు. నేను వెళ్లేసరికి ఆమె ఒక కన్ను మూసుకుని, రెండో కన్ను కెమెరాకు ఆనించి, ఎక్కడో నాలుగు వీధుల అవతలి మేడ మీద ఎవరో ఆరబోసిన మిరపకాయలను చూస్తోంది.

"దీంట్ల మా ఊరు కనవడ్తదా?" అని అడిగింది, కెమెరా దించకుండానే.

ఆమె ఊరు మంథని వైపు. ఊరి కింద బొగ్గు ఉందని తేలాక, నేలను పైనుంచే తవ్వే ఓపెన్ కాస్ట్ గని కోసం అందరినీ ఖాళీ చేయించి, వేరే చోట కాలనీ కట్టి తరలించారు. ఊరి పేరు ఇప్పుడు ఆ కాలనీకి ఉంది. పాత రోడ్డు సగానికి తెగిపోయి లోయ లాంటి తవ్వకం అంచున ఆగిపోతుంది. అక్కడ నిలబడితే అవతలి గడ్డ మీద, ఇంకా కూల్చని నీళ్ల ట్యాంకు అగ్గిపుల్లంత కనిపిస్తుంది. ట్యాంకు వెనకే ఆమె తల్లిగారి ఇల్లు ఉండేది. అమ్మా నాన్నా అంతకు ముందే పోయారు. తమ్ముడు పరిహారం తీసుకుని నస్పూర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. నాకు వచ్చే జీతం కూడా బొగ్గుదే కాబట్టి ఈ సంగతి మా ఇంట్లో ఎక్కువగా మాట్లాడుకునేవాళ్లం కాదు.

ఆమె ప్రశ్న నాకు వినిపించింది. విననట్టు లోపలికి వెళ్లి చిన్న కెమెరాకు బిల్లు రాయించాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. దారిలో ఆమె బస్సు కిటికీ పక్కన కూర్చుని, కెమెరా డబ్బా తన ఒళ్లోనే పెట్టుకుని, జాగ్రత్తగా పట్టుకుంది.

ఆ తర్వాతి నెల నెలన్నర నాకు పండగ. రోజూ డ్యూటీ దిగాక సైకిల్ స్టాండులో దాచుకున్న కెమెరా తీసుకుని చాయ్ హోటల్‌కు వెళ్లేవాడిని. మా వాళ్లు మొదట సిగ్గుపడ్డారు, తర్వాత అలవాటు పడిపోయారు. లోపల మా పని చూసే సర్దార్ నవ్వినప్పుడు కనిపించే విరిగిన పన్ను, కొత్తగా చేరిన పిల్లగాడి చెవి వెనక బొగ్గు గీత, నాతో పాటు డ్యూటీలో చేరిన దోస్తు గాజు గ్లాసు మీద చేతులు చుట్టుకున్న తీరు, అన్నీ నేను చూసినవి చూసినట్టే వచ్చాయి.

ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి నా భార్య క్వార్టర్ కిటికీ దగ్గర గోరుచిక్కుళ్లు తుంచుతోంది. కిటికీ వెలుగు చెంప మీద పడుతోంది. ఆమెకు చెప్పకుండానే తీసి, తర్వాత చూపించాను. నా చేతిలోకి వచ్చిన ఫోటోల్లో అంత మంచిది ఇంకోటి లేదు. ఆమె కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నా మొఖం మా అవ్వ మొఖం లెక్కనే వడ్డది. అవ్వది రేషన్ కార్డు మీది ఫోటో ఒక్కటే ఉండె, అదీ చెదలు వట్టింది," అంది, వాళ్లమ్మను తలుచుకుని. కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "ఇల్లన్న కంటితోని ఒక్కసారి జూద్దామనుకున్న. పోనీ తియ్," అని మళ్లీ కూరగాయల మీదికి వంగింది.

అందులో నిష్ఠూరం లేదు. అదే నాకు మింగుడు పడలేదు. ఆ వారం పంపు దగ్గర కూర్చున్నప్పుడల్లా వరండాలో కెమెరా కంటికి ఆనించుకుని నిలబడ్డ ఆమె వీపే గుర్తుకొచ్చింది. మా బాయిలోని వాళ్లను నేను రేపు కూడా చూస్తాను. ట్యాంకు వెనక ఆమె ఇంటి గోడ ఒక్కటైనా మిగిలి ఉంటే, అది రేపటికి ఉంటుందో లేదో.

సెలవు పెట్టి కరీంనగర్ వెళ్లాను. దుకాణదారు చిన్న కెమెరాను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"దీని మీద గీత గూడ వడలేదు గదన్నా. మంచి ఫోటోలు రావట్లేదా?"

"మంచిగనే వస్తున్నయి. మా ఆమెకు దూరపుది చూడాలని ఉన్నది," అన్నాను.

కొంత తగ్గించి తీసుకున్నాడు. పెద్ద కెమెరా ఇచ్చి, పొద్దున్నే వెళ్లమనీ, ఎండెక్కితే గాలి అలలు అలలుగా ఊగి ఏదీ నిలకడగా కనిపించదనీ చెప్పాడు. ఒక మూడుకాళ్ల స్టాండు ఊరికే ఇచ్చాడు.

ఆదివారం తెల్లవారగానే బండి మీద బయల్దేరాం. ఆమె పండక్కి కట్టుకునే చీర కట్టుకుంది. రోడ్డు తెగిన చోట కాపలా మనిషి ఆపాడు. నా గుర్తింపు కార్డు చూపించి సంగతి చెప్పాను. అతనిది కూడా అటువైపు ఊరేనట. తవ్వకం అంచున పోసిన మట్టికట్ట దాటొద్దనీ, బ్లాస్టింగ్ సైరన్ మోగితే వెంటనే వెళ్లిపోవాలనీ చెప్పి వదిలేశాడు.

స్టాండు మీద కెమెరా బిగించి, ముందు ట్యాంకును పట్టుకుని, జూమ్ లాగాను. ట్యాంకు మెట్లు, ఒక పక్క ఊడిన పెచ్చులు కనిపించాయి. కొంచెం ఎడమకు తిప్పితే నీలం సున్నం వేసిన గోడ ముక్క ఒకటి కనిపించింది. పక్కకు జరిగి ఆమెను చూడమన్నాను.

ఆమె వంగి కన్ను ఆనించింది. చీర కొంగు గాలికి లెన్సు ముందు పడకుండా నేను పట్టుకుని నిలబడ్డాను.

"మాదే," అంది చివరికి. "గోడల గూడు గూడ అట్లనే ఉన్నది. దువ్వెన, నూనె సీస అండ్ల వెట్టుకునేటోళ్లం. నాకు అందకపోతుండె. మా అవ్వ ఎత్తుకునేది."

తర్వాత తనే కెమెరాను కొద్దికొద్దిగా తిప్పడం నేర్చుకుంది. ఇదిగో బడి గచ్చు, ఇదిగో మేం బతుకమ్మ ఆడిన జాగ అని చెబుతూ పోయింది. నేను చిన్న తెర మీద చూస్తే పొదలు, రాళ్లు, మేకలు తప్ప ఏమీ కనిపించలేదు. ఆమెకు మాత్రం ఊరంతా కనిపిస్తోంది. ఉన్నట్టుండి ఆగింది. మేకల పక్కన ఒకామె పుల్లలు ఏరుతోంది. నడుముకు చెంగు దోపుకుని, ఒక కాలు కాస్త ఈడ్చి నడుస్తోంది.

"గామె మా చిన్నమ్మ తీరుగనే ఉన్నది," అంటూ నా భార్య నిటారుగా నిలబడి చెయ్యెత్తి ఊపింది.

మధ్యలో రెండు కిలోమీటర్ల గొయ్యి ఉంది. అవతలి మనిషికి మేం చీమల్లా కూడా కనపడం. ఆ సంగతి ఆమెకు వెంటనే తట్టింది కాబోలు, చెయ్యి దించి చెంగుతో ముఖం తుడుచుకుంది. నేను మూడు ఫోటోలు తీశాను.

ఆ సాయంత్రమే చిన్నమ్మ ఇంటికి, అంటే పునరావాస కాలనీకి వెళ్లాం. చిన్నమ్మ మా అత్తగారి చెల్లెలు, డెబ్బై దాటిన మనిషి. ఆ రోజు పొద్దున ఊరి వైపు పోయిందా అని అడిగితే, మోకాళ్ల నొప్పులతో దవాఖానకే పోలేకపోతున్నానని, ఊరు విడిచాక అటు అడుగు పెట్టలేదని చెప్పింది. నా భార్య కెమెరా తెర మీద ఫోటో చూపించింది. చుక్కలు చుక్కలుగా ఉన్న బూడిద రంగులో ఒక వంగిన ఆకారం, వెనక నీలం మరక. అంతే. చిన్నమ్మ దాన్ని వెలుతురు వైపు తిప్పి చూసింది.

"నేనే అనుకో బిడ్డా," అంది. ఆ మీద నా వైపు తిరిగి, "అల్లుడా, నన్ను గూడ ఓసారి తీస్కపోరాదు," అని అడిగింది.

మాట ఇచ్చాను గానీ, డ్యూటీలు కుదరక మూడు వారాలు దాటాయి. ఆ మూడు వారాల్లోనే నాతో పాటు చేరిన దోస్తు ఆరోగ్యం బాగా లేక ముందుగానే ఉద్యోగం వదిలి కొత్తగూడెంలో కూతురి దగ్గరికి వెళ్లాడు. చివరి రోజు చాయ్ హోటల్లో అతన్ని పెద్ద కెమెరాతో తీశాను. నీడలో ముఖం అలికినట్టు వచ్చింది. చిన్నది ఉండి ఉంటే అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. మళ్లీ అలాంటిది కొనుక్కోమని నా భార్య రెండుసార్లు అంది. ఆ బల్ల దగ్గర ఇప్పుడు కూర్చునేవాళ్లలో నాకు బాగా తెలిసినవాళ్లు నలుగురే.

చిన్నమ్మను ఆటోలో తీసుకెళ్లిన రోజు మబ్బు పట్టి ఉంది. ట్యాంకు ఉంది, గోడ లేదు. నేను అటూ ఇటూ ఎంత వెతికినా ఆ నీలం దొరకలేదు. చిన్నమ్మకు చెప్పడానికి నోరు రాలేదు. కాపలా మనిషి ఇచ్చిన కుర్చీలో కూర్చోబెట్టి, కెమెరా ఆమె కంటి ఎత్తుకు దించాం. ఆమె ఊరి వైపు కాకుండా కిందికి, గొయ్యి అడుగుకు తిప్పమంది.

"గా పచ్చటి నీళ్లేంది?"

"మన చెల్క అక్కడనే ఉండె చిన్నమ్మా, జొన్న వేసేటోళ్లం గదా," అంది నా భార్య.

చిన్నమ్మ ఇంకాసేపు చూసి, చాలని తల ఊపింది. ఏడ్వలేదు.

తిరిగి వచ్చేటప్పుడు నేను డ్రైవర్ పక్కన, కెమెరా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వెనక ఇద్దరు ఆడవాళ్లూ వాళ్ల వాడ మొదటి నుంచి ఒక్కొక్క ఇల్లూ వరసగా చెప్పుకుంటూ వచ్చారు. ఎవరి వాకిట్లో ఏ చెట్టు, ఎవరి కుక్క కరిచేది, ఎవరింట్లో మొదట టీవీ వచ్చింది. బట్టలు కుట్టే ఆయన ఇంటి తర్వాత ఎవరిదన్న దగ్గర ఇద్దరికీ పడలేదు. సాకలోళ్లదని చిన్నమ్మ, కాదు, అక్కడ ఖాళీ జాగా ఉండేది, మేం గోలీలు ఆడేవాళ్లమని నా భార్య. కాలనీ వచ్చి ఆటో ఆగినా ఇద్దరూ దిగలేదు. డ్రైవర్ నా ముఖం చూశాడు. కాసేపు ఆగమని చేత్తో సైగ చేశాను.