బొటనవేలి బేరం

ఆ రోజుల్లో నా తెలివికి నా దిష్టే తగులుతుందేమోనని నాకు భయంగా ఉండేది. పళ్ళ డాక్టరమ్మ చెప్పిన మాట పక్కన పెట్టి, ఐదేళ్ళ కూతురితో బేరానికి దిగిన ఘనుణ్ణి నేను. అదీ రియాద్ బతా బజారులో, శుక్రవారం సాయంత్రం, ఇసుక వేస్తే రాలనంత జనంలో. ఇంత గొప్ప నిర్ణయం మా వంశంలో మరొకరు తీసుకోలేదు (వంశమంతా కోరుట్లలో కొట్లు నడిపినవాళ్ళే, నా ఉయ్యాల కూడా గల్లాపెట్టె పక్కనే కట్టారట).

నేనప్పుడు ఒక గోదాములో స్టోర్‌కీపర్ని. మా ఆమె, పాప విజిట్ వీసా మీద కొత్తగా వచ్చారు. పాప నోట్లోంచి బొటనవేలు బయటికొచ్చేది అన్నం ముద్ద లోపలికి పోయేటప్పుడే. మలాజ్ పేటలో ఉండే హైదరాబాదు డాక్టరమ్మ చూసి, "పై పళ్ళు ముందుకొస్తున్నాయి. పాలపళ్ళే కాబట్టి కంగారు లేదు, కొత్త పళ్ళు వచ్చేలోపు మానితే చాలావరకు అవే సర్దుకుంటాయి. తిట్టకండి, వేలు లాగకండి. కొత్త చోటు కదా, బెంగతో పెట్టుకుంటోంది. వేలు నోట్లో లేనప్పుడు మెచ్చుకోండి" అన్నారు. మందు లేదు, మాత్ర లేదు, మెచ్చుకోవాలట! సరుకు చేతులు మారనిదే పని జరుగుతుందని నమ్మే రక్తం కాదు నాది.

అందుకే ఇద్దర్నీ బతాలో బొమ్మల కొట్టుకు తీసుకెళ్ళాను. కొట్టు పాకిస్తానీ చాచాది. ధర వినగానే పాప చెయ్యి పట్టుకుని గిర్రున తిరిగి నడిచాను. "ఎనక్కి సూడొద్దు బిడ్డా, ఆయనే పిలుస్తడు" అన్నాను. నాలుగడుగులు వేశామో లేదో, "అరే భాయ్, ఆవో ఆవో!" అని కేక. పాప నావైపు దేవుణ్ణి చూసినట్టు చూసింది.

ఆ ఊపులోనే అసలు బేరం పెట్టాను. "ఏలు బంద్ జేస్తే ఈ బొమ్మ నీదే."

"రెండు బొమ్మలు."

"ఒక్కటే."

"రెండు!"

"ఒక్కటంటే ఒక్కటే" అని, చాచాతో మిగిలిన బేరం తెంపడానికి అటు తిరిగాను. ఆయన లాభాన్ని పట్టపగటి దోపిడీ అని తేల్చి ఇటు తిరిగేసరికి పాప లేదు.

"పిల్లేదయ్యా?" అంది, పక్క కొట్లో గిన్నెలు చూసి వచ్చిన మా ఆమె.

ఎటు చూసినా జనం భుజాలే. పాపకు తెలుగు తప్ప మాట రాదు, ఫోన్ నంబరు తెలియదు, మేముండే గల్లీ పేరు కూడా తెలియదు. "నీ బేరం మన్నువడ! పిల్లను తెచ్చియ్యి నాకు" అని మా ఆమె ఏడుస్తోంది. నేను పాపను పేరుపెట్టి అరుస్తూ జనాన్ని తోసుకుంటున్నాను. నేను దొంగను చేసిన చాచా, బొమ్మలన్నీ బయటే వదిలేసి, "గులాబీ ఫ్రాక్ నా? తుమ్ ఉధర్ జావో, మై ఇధర్ దేఖ్తా హూఁ" అంటూ నన్ను అటు తోసి తాను ఇటు పరుగెత్తాడు. నేను తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను, ఏ ఒక్కరి దగ్గరా తగ్గించమనకుండా.

కంబళ్ళ కొట్టు ముందు, పేర్చిన కంబళ్ళ గుట్ట పక్కన, పాప అటు తిరిగి నిలబడి ఉంది. వేలు నోట్లోనే. దగ్గరికెళ్ళి పిలిస్తేగాని కదల్లేదు. ముఖమంతా కన్నీళ్ళు.

"ఎనక్కి సూడొద్దన్నవ్ గద డాడీ! ఎంతసేపు నిలవడ్డా పిలుస్తలేవు!"

ఎత్తుకుని, "రెండు కాదు బిడ్డా, కొట్టు మొత్తం కొందాం" అన్నాను.

"రెండే" అంది వెక్కుతూ.

చాచా అడిగిన ధర అడిగినట్టే ఇచ్చాను. అనుమానంతో ఆయన నోట్లను వెలుతురుకు పెట్టి మరీ చూసుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు పాప వేలు ఇంకా గట్టిగా చప్పరించింది. మా ఆమె తిట్టలేదు, వేలు లాగలేదు. చేతులు ఖాళీగా కనబడితే పిలిచి చపాతీపిండి ముద్ద ఇచ్చి మెచ్చుకునేది. కొత్త పళ్ళు వచ్చేనాటికి అలవాటు పోయింది, పళ్ళు దాదాపు సర్దుకున్నాయి. ఇప్పుడా పిల్ల నాకంటే పొడుగు. ఆనాటి ఘనుణ్ణి తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. నిజాయితీగా కడితే బిల్లు ఇదీ: రెండు బొమ్మలు, పూర్తి ధరకు. పిల్లను వెతికిన కష్టం, చాచాది సగం. వేలు మాన్పించిన ఘనత, మా ఆమెది మొత్తం. భయపెట్టిన ఖర్చు మాత్రం పూర్తిగా నాదే.