కొండమీది గడ్డి కోసం ఒక గంట

హఫియా అవ్వ మాట మొదలుపెట్టిందంటే పొయ్యిమీద మొక్కజొన్న సంకటి మాడాల్సిందే. మాడిందని మాత్రం ఆమె ఎన్నడూ ఒప్పుకోలేదు. "అడుగంటితేనే రుచి," అని పైన ఇంత గొర్రెపాల చీజ్ తురిమి పెట్టేది. తినేవాళ్లు కిక్కురుమనకుండా తినేవాళ్లు.

ఆమె పుట్టిన ఇల్లు ఉన్నచోటే ఉంది. సరిహద్దు కొండసీమ జకర్పత్యలో కదిలేవి సరిహద్దులే. ఆమె తాత హంగేరీలో పుట్టి, చెకోస్లొవేకియాలో పెళ్లాడి, సోవియట్‌లో చచ్చిపోయాడు. గడప దాటింది మాత్రం సంతకూ చర్చికీ. వచ్చిన ప్రతి దొరతనమూ తన గడియారం తెచ్చుకుంది. అందుకే ఆ లోయలో ఇప్పటికీ రెండు కాలాలు నడుస్తాయి. ఆఫీసులకూ రైళ్లకూ రాజధాని కీవ్ గంట. ఆవులకూ పొయ్యిలకూ పెళ్లిళ్లకూ ఊరివాళ్లు 'మన గంట' అనేది, అది కీవ్ కంటే ఒక గంట వెనక. పదింటికి రమ్మంటే "ఎవరి పది?" అని అడగడం అక్కడ మర్యాద.

వయసులో ఉండగా అవ్వ లోయలోని రైలుగేటు దగ్గర పనిచేసింది. అప్పట్లో రైళ్లు మాస్కో గంటకు వచ్చేవి. జెండా పట్టుకుని నిలబడి, ఒక కాలానికి గేటు వేసి, ఇంకో కాలానికి పాలు పితికేది. మధ్యలో మిగిలిన సమయం ఎవరిదో తెలియక కళ్లు తెరిచి ఉండగానే కలలు కనేది. ఆ అలవాటు మళ్లీ పోలేదు. పుట్టగొడుగులు ఏరడానికి అడవికి వెళ్లి, ఖాళీ బుట్టతో, ముఖం నిండా నవ్వుతో తిరిగొచ్చేది.

ఒకప్పుడు ఊరికి సొంత పంచాయతీ ఉండేది. తర్వాత చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిపి లోయలోని పట్నానికి అతికించారు. ఆ పట్నం కౌన్సిల్ నుంచి ఒక వేసవిలో కబురొచ్చింది: విసోకా మెట్టను ఒక కంపెనీకి ఇస్తారట, సెలవుల్లో వచ్చేవాళ్లకు చెక్క ఇళ్లు కడతారట. గురువారం పదింటికి ఓటు. అభ్యంతరం ఉన్నవాళ్లు వచ్చి చెప్పుకోవచ్చు.

విసోకా అంటే కొండమీద ఊరందరి గడ్డి. అవ్వ ఆవు రూజా చలికాలమంతా తినేది ఆ ఎండుగడ్డే. మెట్ట పోతే ఆవును అమ్మెయ్యాలి. ఆవు లేకపోతే తెల్లారి లేచి ఏం చెయ్యాలో అవ్వకు తెలియదు.

అంతా కలిసి వెళ్లి అడ్డుకుందామనుకున్నారు. ఎవరి పదో మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆఫీసు మాట కాబట్టి కీవ్ పదే అనుకుంది అవ్వ. మన గడ్డి కాబట్టి మన పదే అనుకుంది ఊరు. పొద్దున్నే ఒంటరిగా బస్సెక్కుతున్న అవ్వను చూసి, పక్కింటి అనీత్సా మందుల షాపుకు కాబోలనుకుంది.

హాల్లో కౌన్సిల్ పెద్ద రొమన్ ఇవానొవిచ్, సభ్యులు, చెక్క ఇళ్ల బొమ్మలు పట్టుకుని కంపెనీ మనిషి. ఊరివాళ్లలో అవ్వ ఒక్కతే.

"మీవాళ్లేరీ అవ్వా?" అన్నాడు రొమన్ ఇవానొవిచ్.

ఊరు వేరే పదికి బయల్దేరుతుందని అవ్వకు అప్పుడు తెలిసింది. "వస్తారు నాయనా. వాళ్లకింకా పది కాలేదు."

"ఇక్కడైంది. మీరేమన్నా చెప్తారా, ఓటు పెట్టెయ్యమంటారా?"

"చెప్తాను. ఎంతసేపు చెప్పొచ్చు?"

ఆయన సెక్రటరీ వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, హద్దేమీ లేదని. "అయ్యేదాకా చెప్పండి," అన్నాడు. పాపం, ఆయనకు హఫియా అవ్వ సంగతి తెలియదు.

అవ్వ కళ్లు మూసుకుని కొండ ఎక్కడం మొదలుపెట్టింది. ముందు బీచ్ చెట్ల చీకటి. అక్కడ ఆకులు ఎంత మెత్తగా ఉంటాయంటే మన అడుగు మనకే వినపడదు. ఆ పైన ఊట, దాని నీళ్లు తాగితే వెక్కిళ్లు పోతాయి. దాటితే నల్లపళ్ల పొదలు. అక్కడ ఒక ఏడు తోడేలు వచ్చి ఆమె చేతిలో పళ్లు తిన్నది. కాసేపటికి అదే తోడేలు కుక్కయింది. ఎవరూ గమనించలేదు.

"ఆ ఊట మెట్ట చుట్టూ ఉన్న కంచెకు ఇవతలా, అవతలా?" అని అడిగింది ఒక సభ్యురాలు.

"దీనికీ మన విషయానికీ ఏమిటండీ సంబంధం?" అన్నాడు కంపెనీ మనిషి.

"తొందరపడకు బాబూ, ఇంకా కంచె దాటలేదుగా. ఆ బూట్లతో నువ్వు దాటలేవు కూడా."

సభ్యులు నవ్వారు. ఒకాయన గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు. అవ్వ మాటలతోనే వాళ్లకు కొడవలి చప్పుడు వినిపించేలా చేసింది, కోసిన గడ్డి వాసన చూపించింది, మబ్బు గడ్డివాము మీద కూర్చుని లేచి పోవడం చూపించింది. అలా ఎక్కీ ఎక్కీ కొండకొమ్ముకు చేరింది. ఆ పైన ఆకాశమే. చెప్పడానికి ఇంకేమీ లేదు. ఓరకంట తలుపు వైపు చూసింది. ఎవరూ రాలేదు.

"అయిందా అవ్వా?" అన్నాడు రొమన్ ఇవానొవిచ్.

అవ్వ తలకు కట్టుకున్న గుడ్డ కొస నలుపుకుంది. తర్వాత నెమ్మదిగా, "ఎక్కినవాళ్లం దిగొద్దా నాయనా?" అంది. "దిగే దారి వేరే."

దిగే దారి సెలయేటి పక్కనుంచి. సగం దిగారో లేదో బస్సు ఆగిన చప్పుడు, మెట్లమీద బిలబిలమని అడుగులు. అనీత్సా ముందు, ఊరంతా వెనక.

"ఏం అత్తా, మేం రాకముందే మొదలెట్టేశావా? ఆగలేకపోయావా?"

"మొదలెట్టడమేమిటమ్మా," అన్నాడు రొమన్ ఇవానొవిచ్. "గంటనుంచీ మేమంతా కొండమీదే ఉన్నాం."

ఇక ఊరు అందుకుంది. గడ్డి లేకపోతే ఆవుల్లేవనీ, ఆవుల్లేకపోతే ఇళ్లకు తాళాలేసి, కూలికి పోయిన మగవాళ్ల వెంట చెక్ దేశం పోయి ఇటుకలు మొయ్యాలనీ ఒకరిమీదొకరు పడి చెప్పారు. ఓటు పెట్టారు. కంపెనీకి లేచిన చేతులు తక్కువ. కంపెనీ మనిషి బొమ్మలు చుట్టేసుకున్నాడు.

అవ్వ ఇంకా నిలబడే ఉంది.

"కూర్చోండవ్వా. అయిపోయింది, మెట్ట మీ ఊరిదే."

అవ్వ కూర్చుంది. అంతలోనే మళ్లీ లేచింది. "మరి సెలయేటి దగ్గర మా ఆయన ఫెదిర్ నిలబడి ఉన్నాడు నాయనా, పెళ్లికి ముందు మాట. నన్ను దాటిస్తానని చెయ్యి చాపాడు. మనిషిని అలా నీళ్లలో వదిలేసి పొమ్మంటావా?"

రొమన్ ఇవానొవిచ్ గోడ గడియారం వైపు చూశాడు. తర్వాత కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు.

"చెప్పండి," అన్నాడు.