కొత్త సిలిండర్‌కు హారతి

ఈ రోజు పొద్దున కొమరోలులో మా పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. వంటింట్లో కొత్త గ్యాస్ సిలిండర్‌కు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పళ్లెంలో కర్పూరంతో, చేతిలో అగ్గిపెట్టెతో కూర్చుని ఉంది. గడప దాటగానే నాకు గుప్పున గ్యాస్ వాసన కొట్టింది.

"ఆగు పెద్దమ్మా! గ్యాస్ లీకవుతా ఉంది!" అని అరిచి అగ్గిపెట్టె లాక్కున్నాను.

"ఏందిరా అట్ల మీద పడతావు? ఇంటికి కొత్తగా వచ్చినదానికి హారతి ఇయ్యొద్దా? మొన్న బోరు మోటారుకు ఇస్తే గమ్మునున్నావే?"

"మోటారు పేలదు పెద్దమ్మా!"

చూస్తే రెగ్యులేటర్ సరిగ్గా కూర్చోలేదు. దాన్ని తీసేసి, మూత బిగించి, తలుపులూ కిటికీలూ తెరిచి ఇద్దరం వాకిట్లోకి వచ్చాం. అగ్గిపెట్టెను గుప్పిట్లో బిగించి పట్టుకున్న నన్ను చూసి పెద్దమ్మకు జాలేసింది.

"బాగా బెదురుకున్నావు నాయనా, ఎవరి దిష్టో తగిలింది. లోపల కర్పూరం ఉండాది, దిష్టి తీస్తా దా. ఆ అగ్గిపెట్టె ఇట్లియ్యి."

ఆ అగ్గిపెట్టె ఇప్పుడు గిద్దలూరులో నా టేబుల్ మీద ఉంది. సాయంత్రం ఆమె దీపం ఎలా పెట్టుకుందో ఫోన్ చేసి అడిగే ధైర్యం లేదు.

మీ ఇళ్లలో కొత్త సిలిండర్ వస్తే బొట్టుతో ఆపుతారా, హారతి దాకా వెళ్తారా?