తెల్ల పాయ

మా ఇంట్లో కొందరు ముందు జుట్టులో ఒక తెల్ల పాయతో పుడతారు. అవ్వకు, నాన్నకు, నాకు ఉంది. పుదుచ్చేరి బజారులో మా బట్టల కొట్టుకు వేరే బోర్డు అక్కరలేదు. నా కూతురు మాత్రం నిండా నల్లటి జుట్టుతో పుట్టింది. ఉయ్యాలలో వేసిన రోజు మా అక్కలు దాని తలలో తెల్ల పాయ కోసం వెతికారే గాని మొహం చూడలేదు. నాకు ఒళ్ళు మండింది.

"నా జంట క్రోమోజోముల్లో ఒకదాంట్లోనే ఆ గుణముంది. పాపకు వచ్చింది రెండోది, అంతే!" అన్నాను.

"అదేందో నాకు తెలీదురా," అంటూ అవ్వ చిటికెడు విభూతి తీసి పాప ముందు జుట్టుకు అద్దింది. "ఇప్పుడు సరిపోయిందా?"

అందరూ నవ్వారు. పాప తల విదిలించి తుమ్మింది. ఎగిరిన విభూతి, ఉయ్యాల మీదికి వంగిన నా భార్య ముందు జుట్టు మీద పడింది.

"ఇదీ మనదే," అంది అవ్వ.