ఎడమకు తిప్పిన గుండె

ఈరోజు నేనొక మనిషి గుండెను కుడి నుంచి ఎడమకు తిప్పేశాను. చేత్తో కాదు, కంప్యూటర్‌లో ఒక్క నొక్కుతో.

గోపాలపట్నంలో చిన్న ఎక్స్‌రే సెంటర్‌లో పనిచేస్తాను. పొద్దున యారాడ నుంచి, సముద్రంలో వేటకెళ్లే మనిషి ఒకతను భార్యతో వచ్చాడు. కడుపులో ఎడమవైపు కింద నొప్పి, వాంతులు. పక్క గదిలోని డాక్టరు ఛాతీ, కడుపు కలిపి నిలబెట్టి తీయమన్నారు.

"ఊపిరి బిగబట్టు బావా," అన్నాను.

"పొద్దున్నుంచీ అదే సేత్తన్నాను గదా బావా, నువ్వు కొత్తగా సెప్పాలేటి!" అన్నాడు, సగం వంగిపోయి కూడా.

తెర మీద అతని గుండె ఒంటికి కుడివైపున ఉన్నట్టు కనబడింది. రద్దీలో బొమ్మ తిరగబడటం మాకు మామూలే. సరిచేసి పంపేస్తాం. అలాగే తిప్పాను. తిప్పగానే, ఎడమవైపుకు గుర్తుగా ప్లేటు మీద నేనే అంటించిన సీసపు అక్షరం తిరగబడింది. అంటే అసలు బొమ్మే సరైనదన్నమాట, అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. ఆ అంచు కత్తిరించేసి, కొత్త అక్షరం పెట్టి పంపాను. డాక్టరు చూసి, వల లాగడంలో పట్టేసి ఉంటుందని మాత్రలు రాసి ఇంటికి పంపారు.

ఇక కుదురు లేదు. క్యారేజీ తెరిచాను, మూసేశాను. రోగుల మధ్యలో లేచి వెళ్లి అసలు బొమ్మ మళ్లీ తీసి చూశాను. అక్షరం ఉండాల్సిన చోటే ఉంది. గుండె కుడివైపు, కాలేయం ఎడమవైపు. పుట్టుకతోనే లోపలి అవయవాలన్నీ అద్దంలో చూసినట్టు అటువి ఇటుగా ఉన్న మనిషి. అలాంటివాళ్లు ఉంటారని చదువుకున్నాను, ఎప్పుడూ చూడలేదు. అతని అపెండిక్స్ కూడా ఎడమవైపే ఉంటుంది. నొప్పీ అక్కడే.

అక్షరం కత్తిరించిన సంగతితో సహా డాక్టరుకు చెప్పాను.

"అది పగిలితే ప్రాణం మీదికొస్తుంది. ముందు మనిషిని ఆసుపత్రికి తీసుకురా," అన్నారాయన.

వాళ్ల ఫోను కలవలేదు. బండి తీశాను. మల్కాపురం దగ్గర లారీల మధ్య ఇరుక్కుని, హారన్ మీంచి వేలు తీయకుండా, ఎలాగో యారాడ కొండ దాటాను.

అతను తన ఇంటి గడప దగ్గర ముడుచుకుని ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది.

"ఏటి బాబూ, పొద్దున్న ఏటీ లేదన్నారు గదా?" అంది భార్య.

"తప్పు నాదమ్మా. ఆయన గుండె కుడిపక్కనుంది. నేను నమ్మక బొమ్మ తిప్పేశాను."

"కుడిపక్క ఎట్టుకునే ఇన్నాల్లూ ఏటకెల్లాడు. మాకు లేని ఇబ్బంది నీకేటొచ్చింది?"

బండి అక్కడే వదిలేసి, ఆమెనూ ఎక్కించుకుని, ఆటోలో అతని తల ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి తెచ్చాను. స్కాన్‌లో అపెండిక్స్ ఎడమవైపు వాచి కనబడింది. ఇంకా పగల్లేదు. ఆపరేషన్‌కు ముందు సర్జన్‌కు రెండు బొమ్మలూ చూపించి, ఏది నిజమో, ఏది నేను చేసిందో చెప్పాను. సెంటర్ యజమానికి ఫోన్ చేసి అదే చెప్పాను.

ఆపరేషన్ గది బయట బెంచీ మీద, అతని భార్యకు కాస్త దూరంగా కూర్చున్నాను.

"ఇంటికెల్లవేటి?" అంది.

"ఆయన బయటికొచ్చేదాకా ఉంటానమ్మా."

నర్సు ఇచ్చిన మందుల చీటీ నా చేతిలో పెట్టింది. "అయితే ఇయి తే."

మెట్లు దిగి, తెచ్చి ఇచ్చాను.