మామిడి సొన వాసన

శనివారం పప్పులోకని పచ్చిమామిడికాయ కోస్తుంటే తొడిమ దగ్గర కొంచెం సొన మిగిలి ఉంది. ఇండియన్ స్టోర్‌కి చేరేసరికి కాయల్లో సొన ఇంకిపోతుంది, పులుపు కూడా సగం చస్తుంది. ఈ కాయ ఎలాగో దాచుకుంది. వేలికి అంటిన ఆ చుక్కని కడుక్కోబుద్ధి కాక ముక్కు దగ్గర పెట్టుకుని, స్టవ్ మీద పప్పు సంగతి మరిచిపోయి కిటికీ దగ్గర నిలబడ్డాను. ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ అంతా ఒకటే రంగు, ఒకటే మెట్లు. కింది ఫ్లాట్ వరండాలో ఎవరో పిల్లల సైకిల్ ఉంది. నాకు మాత్రం అక్కడ మడతకుర్చీలో, పాదాల మీద తడి తువ్వాలు కప్పుకుని కూర్చున్న జయమణి ఆంటీ కనిపించారు. ఆవిడ పోయి చాలాకాలమైంది. చివరి ఏడాది ఆవిడ వేసుకున్న చుక్కల మందు మూత తీస్తే అచ్చం ఇదే వాసన. ఆ సీసాలో ఉన్నది మామిడి కాదు, గంజాయి.

ఆవిడని ఎరగనివాళ్ళకి ముందుగా చెప్పాల్సింది, ఆవిడ మనుషుల్ని అడిగే తీరు. నేను ఉద్యోగానికని ఈ ఊరు వచ్చిన కొత్తలో, కాంప్లెక్స్ లాండ్రీ రూమ్‌లో డ్రయర్ తిరుగుతుంటే పక్కన నిలబడి అడిగారు, “ఏ ఊరమ్మా మీది?” అని. హైదరాబాద్ అన్నాను. “హైదరాబాద్ అందరిదీను. అంతకు ముందు?” అన్నారు. తణుకు అని తేలింది. వెంటనే మా అమ్మ పుట్టింటి ఇంటిపేరు అడిగారు. నాకు ఒళ్ళు మండింది. ఇంటిపేరు అడిగేవాళ్ళు నిజానికి ఏం తెలుసుకోవాలనుకుంటారో మనవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. నా మొహం చూసి ఆవిడ నవ్వారు.

“కులం కోసం అనుకుంటున్నావు కదా. ఆ ప్రశ్న ఎంత గుచ్చుకుంటుందో నీకంటే నాకు బాగా తెలుసమ్మా. మమ్మల్ని అడిగి, జవాబు విన్నాక మంచినీళ్ళు కూడా ఇవ్వనివాళ్ళని చూశాను. నేనడిగేది దానికి కాదు. ఇంత దూరంలో నీకూ నాకూ మధ్య ఒక్క మనిషైనా దొరుకుతుందేమోనని.”

దొరికింది. డ్రయర్ ఆగేలోపే, మా పెద్దమ్మ కాన్పు జరిగిన మిషన్ ఆసుపత్రిలో ఆవిడ అప్పుడు నర్సింగ్ చదువుతున్నారని తేలిపోయింది. నాకు హుషారొచ్చి, మా తాతగారికి అక్కడ పెద్ద రైస్‌మిల్లు ఉండేదట అన్నాను. “ఉండేదట అంటున్నావు. చూసిన మాటా, విన్న మాటా?” అని అడిగారు. విన్నదేనన్నాను. “అయితే మిల్లుని పక్కన పెట్టు. పెద్దమ్మ సంగతి చెప్పు” అని నా దుప్పట్లు కూడా ఆవిడే మడత పెట్టారు.

చూసిన మాటా, విన్న మాటా. ఆవిడ నర్సుగా పనిచేసినన్నాళ్ళూ రోగి చెప్పింది ఒక చోట, తను కళ్ళారా చూసింది ఇంకో చోట రాయాల్సి వచ్చేది. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు ఆవిడని వదల్లేదు. చర్చిలో పిల్లలకి సంబంధాలు చూసేది ఆవిడే కాబట్టి, ఆ అలవాటు బాగానే పనికొచ్చింది. ఒకసారి ప్లేనో అనే ఊరి నుంచి ఒక పెళ్ళికొడుకు తల్లి ఫోన్ చేసి, తన అబ్బాయి బంగారమని నలుగురు చెప్పారంది. “ఆ నలుగురికీ ఎవరు చెప్పారండీ?” అని ఆంటీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కనుక్కున్నారు. నలుగురికీ చెప్పింది అబ్బాయి వాళ్ళమ్మే. ఆ తర్వాత ఎవరైనా మరీ నున్నగా మాట్లాడితే చాలు, మా ఇద్దరి మధ్యా వాళ్ళు ‘ప్లేనో అబ్బాయి’ అయిపోయేవారు. అలాగే, నర్సింగ్‌లో తన గదిలో ఉన్న స్నేహితురాలిని ఏళ్ళ తర్వాత పట్టుకున్న కథ కూడా చెప్పేవారు. పెళ్ళయి ఇంటిపేరు మారిపోయిన మనిషి ఎక్కడని దొరుకుతుంది? ఆంటీ ఆమె పేరుతో వెతకనే లేదు. ఆమె పుట్టింటివాళ్ళు ఏ చర్చికి వెళ్తారో కనుక్కుని, అన్నగారి ద్వారా హ్యూస్టన్‌లో ఉన్న ఆమెని పట్టుకున్నారు.

తర్వాత ఆంటీకి జబ్బు చేసింది. కీమో అయితే ముగిసింది కానీ, అది పాదాల్లో మంట వదిలిపెట్టి పోయింది. పగలంతా ఎలాగో నెట్టేవారు, పడుకుంటే మాత్రం నిప్పుల మీద పెట్టినట్టు ఉండేదట. డాక్టరిచ్చిన మాత్రలు పనిచేయక, చివరికి ఆయనే గంజాయిని మందుగా కొనుక్కునే మెడికల్ కార్డ్ రాసిచ్చి, అది అమ్మే డిస్పెన్సరీ షాపుకి పంపాడు. ఆంటీ భర్త దేవదానం అంకుల్ మా తెలుగు చర్చిలో సంఘపెద్ద, ఆయనకి ఇది మింగుడు పడలేదు. నేను అక్కడే ఉన్నాను. “గంజాయేంటి మణీ, సంఘంలో ఏమనుకుంటారు?” అన్నారు. ఆంటీ తువ్వాలు సర్దుకుంటూ, “మండేది సంఘం పాదాలు కాదుగా” అన్నారు. ఆయన షాపుకి కారులో తీసుకెళ్ళేవారు గాని లోపలికి అడుగుపెట్టేవారు కాదు. ఆ తర్వాత ఇంట్లో గంజాయి అన్న మాటే పలకలేక ‘అది’ అనేవారు.

అక్కడ దొరికిన మ్యాంగో లాంటర్న్ అనే రకం చుక్కలు వేసుకున్న మర్నాడు ఆంటీ వరండాలోంచి నన్ను పిలిచారు. మొహం తేటగా ఉంది. “నిద్రపోయానమ్మాయ్” అన్నారు, అదేదో ఊరు చూసొచ్చినట్టు. నిజంగానే చూసొచ్చారు. పాలకొల్లు దగ్గర వాళ్ళ ఊరి కాలవ కలలోకి వచ్చిందట. మోకాళ్ళదాకా నీళ్ళు, వేళ్ళ మధ్య చల్లటి బురద, ఎదురుగా గుర్రపుడెక్క పూలు. తను నడుస్తూ ఉంటుంది, ఒడ్డున ఎవరూ పిలవరు. ఆ తర్వాత మందు వేసుకున్నప్పుడల్లా ఆ కాలవే వచ్చేదట. కొన్నిసార్లు కొంచెం ముందుకి, వంతెన దాటి, లాకుల దాకా. నేను ఆఫీసు నుంచి రాగానే ఈరోజు ఎంతదాకా వెళ్ళారని అడిగేదాన్ని. ఆవిడ కళ్ళు సగం మూసుకుని చెప్తుంటే, పార్కింగ్‌లో కార్ల తలుపుల చప్పుడు కూడా ఎక్కడో నీళ్ళ అవతల వినిపించేది.

ఆ షాపువాళ్ళు ఉన్నట్టుండి ఆ రకం తెప్పించడం మానేశారు. అదే పేరుతో ఇంకో షాపులో ఉంటే కొని తెచ్చారు. మర్నాడు వెళ్ళేసరికి ఆంటీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గుండె దడదడలాడిందట, రెప్ప పడలేదట. మూత తీసి నాకు చూపించారు. సొన వాసన లేదు, ఏదో నిమ్మతొక్క వాసన. “పేరు అదే. మనిషి ఇది కాదు” అన్నారు. అలా నిద్రలేని రోజులు మళ్ళీ మొదలయ్యాయి. ఆవిడ తిండి తగ్గింది, ఫోన్లెత్తడం మానేశారు. సంబంధాల కబుర్లు లేని ఆ వరండా చూస్తే నాకు భయం వేసింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ల్యాప్‌టాప్ పట్టుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను. మందుల కంపెనీలో డేటా పని నాది, అందులో సగం అప్పటికే ఏఐ అసిస్టెంట్‌తో గడిచేది. గంజాయి రకాల జన్యు వివరాలు ఎవరైనా చూసుకునేలా కొన్ని ల్యాబులు నెట్‌లో పెట్టాయి. వాటిలో వెతికి మ్యాంగో లాంటర్న్ తల్లిదండ్రులెవరో, దగ్గరి చుట్టాలెవరో చెప్పమని అసిస్టెంట్‌ని అడిగాను. క్షణంలో జవాబొచ్చింది. తల్లి ఫలానా, తండ్రి ఫలానా, తాతల పేర్లతో సహా, ఎక్కడా తడబాటు లేదు. నేను చదివి వినిపిస్తుంటే ఆంటీ కళ్ళు తెరిచారు.

“పెళ్ళిళ్ళ పేరయ్యలా చెప్తోందే. దీనికెవరు చెప్పారంట?”

“డేటాలో ఉంది ఆంటీ.”

“డేటాలో ఎవరు రాశారు? చూసి రాశారా, విని రాశారా? నన్ను కాదు, దాన్ని అడుగు.”

అడిగాను. మొక్కని పరీక్షించి తేల్చిందేదో, ఎవరో చెప్పగా రాసిందేదో విడివిడిగా చెప్పమన్నాను. ఈసారి జవాబు తీరే మారిపోయింది. తల్లిదండ్రుల పేర్లన్నీ అమ్మేవాళ్ళ పేజీల్లోవి, ఆ పేజీలన్నీ ఒకే పాత పేజీని చూసి రాసినట్టున్నాయి, పరీక్షలో తేలిన ఆధారమేదీ దొరకలేదు అంది. ఆ పేరుతో ల్యాబులకి వచ్చిన నమూనాలు మాత్రం చాలానే ఉన్నాయి, వాటిలో కొన్నిటికి ఒకదానితో ఒకదానికి చుట్టరికమే లేదు అని కూడా చెప్పింది. ఆంటీ నా వైపు చూశారు. “ప్లేనో అబ్బాయి” అన్నారు.

నేను ఇంకా ఆ పేరునే అటు తిప్పి ఇటు తిప్పి వెతుకుతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. “పేరు వదిలెయ్యి అమ్మాయ్. పేరుదేముంది, గడప దాటితే మారిపోతుంది. పుట్టింటిని పట్టుకో. నాకు పనిచేసిన సీసా ఎక్కడ పుట్టింది?” ఆ సీసా ఎప్పుడో అయిపోయింది, పారేసి ఉంటారనుకున్నాను. లోపల హాల్లో బైబిలు చదువుకుంటున్నట్టే కూర్చున్న అంకుల్ లేచి, వంటింట్లోకి వెళ్ళి, ఖాళీ సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు. “అది... ఉంచాను” అన్నారు. మళ్ళీ వెళ్ళి బైబిలు ముందు కూర్చున్నారు.

లేబుల్ మీద పండించిన తోట పేరు, బ్యాచ్ నంబరు ఉన్నాయి. అసిస్టెంట్ ఆ తోట పంపిన నమూనాని వెతికి పట్టుకుంది. దానికి అతి దగ్గరి చుట్టాన్ని జన్యువుల్ని బట్టి మాత్రమే వెతకమన్నాం, పేర్లు చూడొద్దన్నాం. మా రాష్ట్రంలోనే దక్షిణాన ఉన్న ఇంకో తోట నమూనా ఒకటి పైకి వచ్చింది. దాన్ని అమ్మే పేరు గ్రే ఫెర్రీ. ఆ పేరులో మామిడి ఊసే లేదు, నేనైతే జన్మలో అటు చూసేదాన్ని కాదు. రెండూ దాదాపు ఒకే మొక్క, ఒకదాని కొమ్మలోంచి ఇంకోటి వచ్చి ఉండొచ్చు అంది అసిస్టెంట్. ఆంటీ మొహంలో, హ్యూస్టన్ స్నేహితురాలి కథ చెప్పేటప్పటి వెలుగు వచ్చింది. “ఇంటిపేరు మారింది, అంతే” అన్నారు. ఖాళీ సీసాని చేత్తో తిప్పుతూ, “ఇది వేసుకుంటే నాకు నిద్ర పడుతుందా? అడుగు” అన్నారు.

దాని జవాబు నేను తెలుగులోనే చదివాను. “చుట్టరికం పరీక్షలో తేలిందే. కానీ ఒకే మొక్కైనా పెంచిన తీరుని బట్టి గుణం మారవచ్చు. మీకు నిద్ర పడుతుందో లేదో నాకు తెలియదు. డాక్టర్‌ని అడిగి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టండి.” విని ఆంటీ చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వారు. “తెలియదని చెప్పింది. దీనికి నేను సంబంధం చూడొచ్చు.”

డాక్టర్ సరేనన్నాక, ఆంటీ పేరు మీద మందు తెచ్చే కార్డు అంకుల్‌కి ఉంది కాబట్టి ఆయనే బయల్దేరారు. చర్చికి కట్టుకునే టై కట్టుకుని మరీ వెళ్ళారు. ఈసారి లోపలికి వెళ్ళడమే కాదు, కౌంటర్‌లో అమ్మాయి ఇది మంచి రకమని చెప్తే, మీరు చూశారా, విన్నారా అని ఇంగ్లీషులో అడిగారట. ఆయన సీసా తెచ్చి మూత తీయగానే వరండా అంతా సొన వాసన. మర్నాడు పొద్దున నేను కారు దగ్గరికి వెళ్తుంటే ఆంటీ కిటికీలోంచి చెయ్యి ఊపి, “లాకుల దాకా” అన్నారు. నేను కారులో కూర్చుని కాసేపు ఏడ్చాను.

జబ్బు తిరగబెట్టింది. దాన్ని ఏ చుక్కలూ ఆపలేదు. కానీ మిగిలిన ఆ నెలల్లో ఆవిడ నిద్రపోయారు. రెండు పెళ్ళిళ్ళు కూడా కుదిర్చారు. సమాధి కూటంలో పాస్టర్ గారు, మన సహోదరి ప్రశాంతంగా నిద్రలోనే ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారన్నారు. పోయినవాళ్ళందరి గురించీ అనే మాటే అది. వెనక వరసలో నిలబడి నేను ఆవిడ ప్రశ్నే లోపల అడుగుతున్నాను. బయట పార్కింగ్‌లో అంకుల్ నా దగ్గరికి వచ్చారు. ఏమీ అడక్కుండానే ఆయనకి తెలిసిపోయింది.

“పాస్టర్ గారికి చెప్పింది నేనేనమ్మా. చూసిన మాటే. మధ్యాహ్నం వాన పడుతోంది. గంజాయి చుక్కలు వేసుకుని పడుకుంది. నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. దుప్పటి కింద పాదాలు కదిలాయి, ఒకదాని తర్వాత ఒకటి, నెమ్మదిగా. లేపుదామా అనుకున్నాను. ఎక్కడ నడుస్తోందో నాకు తెలుసు కదా. లేపలేదు.” ఆయన టై ముడి సర్దుకున్నారు. తర్వాత లెక్క సరిచేస్తున్నట్టు అన్నారు, “ఎక్కడ నడిచిందో నేను చూడలేదమ్మా. పాదాలు చూశాను.”

ఆ తర్వాత నేను మందుల కంపెనీ మానేసి, ఇలాంటి మొక్కల్ని పరీక్షించే ల్యాబ్‌లో చేరాను. మా అసిస్టెంట్ ఏ రకం గురించి ఏం చెప్పినా, ప్రతి వాక్యం పక్కన అది పరీక్షలో తేలిందో, ఎవరో చెప్పిందో రాసి తీరాలి. ఈ పట్టుదల ఎక్కడిదని తోటివాళ్ళు అడుగుతారు. లాండ్రీ రూమ్‌లో నేర్చుకున్నానంటే నవ్వుతారు.

పప్పు మాడిన వాసన వచ్చి స్టవ్ ఆపాను. వేలి మీద సొన ఆరిపోయి చర్మం కొంచెం చురుక్కుమంటోంది. ఆ కాలవని నేనెప్పుడూ చూడలేదు. ఆ వంతెన, లాకులు, ఆ చివరి మధ్యాహ్నం కదిలిన పాదాలు, అన్నీ నాకు విన్న మాటలే. ఆవిడ ఉంటే వీటిని పక్కన పెట్టమనేవారేమో. నేను పెట్టలేను.