మూడో బటన్

మా కాసినో గోడలకు కిటికీలు లేవు. బయట నెవాడా ఎండ మాడ్చేస్తున్నా లోపల ఎప్పుడూ మునిమాపు వేళలాగే ఉంటుంది. తివాచీ మీద రంగుల వెలుతురు మెల్లగా కదులుతూ ఉంటుంది. ఆ వెలుతురులో మెషీన్లు బాగుచేస్తూ తల నెరిసినవాణ్ణి నేను. ఆర్డిత్ పెల్కీని మొదటిసారి చూసినప్పుడు కూర్చునే నిద్రపోతోందనుకున్నాను. బింగో గది పక్కనున్న మూలలో, వీడియో పోకర్ మెషీన్ ముందు, కళ్ళు సగం మూసుకుని కూర్చుంది. వేళ్ళు మాత్రం ఆడుతున్నాయి. పక్క మెషీన్ దగ్గర ఆమె భర్త ఓరిన్, అతనూ అలాగే.

ఆమె ఉత్తరాన ఈలీ అనే ఊళ్ళో స్కూలు బస్సు నడిపింది. అతను అక్కడే రాగి గనిలో పొక్లెయిన్ నడిపాడు. చలికి తట్టుకోలేక రిటైరయ్యాక దక్షిణానికి దిగారు. ఒకసారి నేను ఆమె మెషీన్ స్క్రీన్ తుడుస్తూ అడిగాను, ఆడుతూ ఏం ఆలోచిస్తారని.

"మంచు కురుస్తున్న పొద్దుటి పూట, అమోస్. బస్ స్టాపులో పిల్లలు. ఒక్కొక్కరే ఎక్కుతుంటారు. ఇదిగో ఈ ఆటీన్ రాణి ఉందే, ఇది ఎప్పుడూ చేతి తొడుగులు మర్చిపోయే పిల్ల," అంది. ఆ మాట తర్వాత నాక్కూడా ఆ మూలకు వెళితే చల్లగా అనిపించేది.

కలలో ఉన్నట్టుండేదే గాని లెక్క తప్పే మనిషి కాదు. స్క్రీన్ మీద ఐదు పేకముక్కలు వస్తాయి, కావలసినవి బటన్ నొక్కి ఉంచుకుంటాం, మిగతావి మెషీన్ మారుస్తుంది. ఆటంతా అంతే. అసలు సంగతి, ఏ ముక్కలు పడితే ఎంతిస్తుందో, మెషీన్ పైన అద్దం మీద రాసి ఉంటుంది. ఫుల్ హౌస్, అంటే ఒకే అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు పడితే ఒకటి తొమ్మిదింతలు ఇస్తుంది, దాని కవలలా ఉండే ఇంకోటి ఎనిమిదింతలే. ఐదూ ఒకే జాతి ముక్కలైతే, అదే ఫ్లష్‌కు, ఒకటి ఆరు, ఇంకోటి ఐదు. వచ్చేవాళ్ళలో నూటికి తొంభైమంది ఆ అద్దం వంక చూడనే చూడరు. ఆర్డిత్, ఓరిన్ ముందు అది చదివాకే కుర్చీ లాక్కుంటారు. ఊళ్ళో తొమ్మిదిచ్చే మెషీన్లు ఒక్కొక్కటే మాయమైపోయి, మా మూలలోని ఆ పాత మెషీన్లు రెండే మిగిలాయి. వాటిని ఆఫీసు మర్చిపోయింది.

మా మేనేజర్ గలూసోకు ఇలాంటివాళ్ళంటే ఒళ్ళు మంట. బయటికి గెంటడు, నవ్వుతూ పలకరిస్తాడు. తర్వాత వాళ్ళ ఇంటికి వెళ్ళే టిఫిన్ కూపన్లు ఆగిపోతాయి, పుట్టినరోజు కార్డు ఆగిపోతుంది. పెల్కీలకు ఎప్పుడో ఆపేశాడు. "వాళ్ళు దొంగలైతే పట్టుకుందును కదయ్యా," అన్నాడు ఓసారి నాతో. "ఖర్మ! చదవడం వచ్చినవాళ్ళు. వీళ్ళనేం చెయ్యను?" ఆ గెలుపు మీద వాళ్ళేం మేడలు కట్టారు గనక! నాకు చిర్రెత్తుకొచ్చింది, కాని జీతం అతని చేతిలో ఉంది.

ఇలా ఆడేవాళ్ళలో ఒక కట్టుబాటుంది. మంచి మెషీన్ మీద ఎన్నడూ ఫిర్యాదు చెయ్యరు. స్క్రీన్ మసకబారినా, కుర్చీ చిరిగినా నోరెత్తరు. బాగుచెయ్యడానికి మెకానిక్ మెషీన్ తలుపు తీస్తే ఆఫీసులో గంట మోగుతుంది. గంట మోగితే మేనేజర్ వస్తాడు, వస్తే అద్దం చదువుతాడు. అందుకే ఓరిన్ తన కుర్చీకి ఇంటి నుంచి తెచ్చిన టేపు వేసుకున్నాడు.

మొన్న చలికాలంలో ఓరిన్‌కు చిన్నగా పక్షవాతం వచ్చి పోయింది. ఏమీ మిగల్లేదని డాక్టరు చెప్పాడు, ఓరిన్ నమ్మలేదు. మళ్ళీ ఆటకు వచ్చాక ముక్కలు తప్పిపోవడం మొదలైంది. రాజును ఉంచుకున్నాననుకుంటాడు, తీరా చూస్తే రాజు ఉండడు. వాళ్ళమ్మ చివరి రోజుల్లో కొడుకు పేరు కూడా మర్చిపోయిందట.

"నా బుర్ర పోతోంది ఆర్డీ," అన్నాడు ఒక పొద్దున, నేను వింటుండగానే. జేబులోంచి కారు తాళాలు తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇక నువ్వే నడుపు. ఎవర్నైనా గుద్దేస్తానేమో."

ఆమె తాళాలు సంచిలో వేసుకుంది. అతను బాత్‌రూమ్‌కు వెళ్ళగానే అతని కుర్చీలోకి జరిగి, బటన్లు ఒక్కొక్కటే నొక్కి చూసింది. తర్వాత నన్ను పిలిచింది.

"మూడోది చూడు. ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు తీసుకుంటోంది. ఉంచమన్న ముక్కను మళ్ళీ వదిలేస్తోంది."

"ఆయనకు చెప్పండి మరి."

"నన్ను బుజ్జగించకు అంటాడు. నువ్వు తెరిచి ఆ బటన్ చేతిలో పెడితేగాని నమ్మడు."

"తెరిస్తే గలూసో వస్తాడు, ఆర్డిత్ గారూ. ఈ మెషీన్లు ఇక ఉండవు. మీరు ఆ సీట్లో కూర్చోండి, ఆయన్ని ఇటు కూర్చోబెట్టండి, సరిపోతుంది."

"ముక్కలకు సరిపోతుంది. మనిషికి సరిపోదు," అంది. ఒక్క క్షణం తన స్క్రీన్ మీద చెయ్యి ఆనించింది. ఆ మంచులో ఆ పిల్లలందర్నీ ఒక్కసారి చూసుకుందేమో. "తెరువు అమోస్."

ఓరిన్ వచ్చాక తెరిచాను. మూడో బటన్ ఊడదీసి, అడుగున అరిగిపోయిన స్ప్రింగు చూపించి, అతని అరచేతిలో పెట్టాను. అతను దాన్ని నొక్కాడు, వదిలాడు, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"దీనివల్లా?" అన్నాడు. "ఇన్నాళ్ళూ దీనివల్లా?"

అప్పటికే గలూసో నవ్వుకుంటూ వచ్చేశాడు. చూపు అద్దం మీద ఆగింది. చాలాసేపు ఆగింది.

"ఎన్నేళ్ళుగా ఇక్కడ కూర్చుంటున్నారు, ఒక్క మాటైనా చెప్పలేదేంటండీ!"

"మీరెప్పుడైనా అడిగారా బాబూ?" అంది ఆర్డిత్.

ఆ సాయంత్రమే పని నాకే అప్పజెప్పాడు. రెండు మెషీన్లకూ లెక్క మార్చి, కొత్త అద్దాలు బిగించాను. స్క్రూలు తిప్పుతుంటే నా చేతుల మీద నాకే కోపం వచ్చింది.

మర్నాడు ఎప్పటి వేళకే ఇద్దరూ వచ్చారు. నేను స్తంభం పక్కన నిలబడ్డాను, ఎదురుపడే ధైర్యం లేక. నడవ మధ్యలో, ఇంకా బింగో గది తలుపు కూడా దాటకముందే ఓరిన్ ఠక్కున ఆగిపోయాడు.

"ఆర్డీ, ఆగు. తొమ్మిది ఎనిమిదైంది. ఆరు ఐదైంది." వేలు చూపించి పెద్దగా నవ్వాడు. "రెండో దానిక్కూడా మార్చేశారు చూడు, వెధవలు! ఇంత దూరం నుంచి పట్టేశాను!"

ఆర్డిత్ మెషీన్ల వంక చూడలేదు. అతన్నే చూస్తూ ఉంది. సంచిలో చెయ్యి పెట్టి కాసేపు వెతికి, కారు తాళాలు తీసి అతని చేతిలో పెట్టింది.

"పద," అంది. "నువ్వే నడుపు."